ప్రయోగానికి పద్దు లేని సేవ

సంపాదక మహాశయులకు,

నమస్కారం. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు మన రెండు రాష్ట్రాల్లోని పల్లెలకు సరిగ్గా చేరుతున్నాయా లేదా అన్న విషయంపై మీ పత్రికలో తరచూ కథనాలు, లేఖలు వస్తున్నాయి. ఎంత డబ్బు వచ్చింది, అందులో ఎంత పక్కదారి పట్టింది అన్న రెండు ప్రశ్నల చుట్టూనే ఆ చర్చ తిరుగుతోంది. స్వచ్ఛంద సంస్థల్లో ప్రతిపాదనలు, లెక్కలు, నివేదికలు రాసే కొలువులో చాలాకాలం గడిపిన వాడిగా నాకు మూడో ప్రశ్న ఒకటి ఉంది. ఇంతవరకు ఎవరూ చేయని పనిని, ఫలిస్తుందో లేదో తెలియని పనిని, చిన్న ఎత్తున చేసి చూడడానికి ఒక సేవాసంస్థకు ఈ రోజు డబ్బు ఎక్కడ దొరుకుతుంది? నాకు తెలిసినంతలో దాదాపు ఎక్కడా దొరకదు. వేరేచోట ఇదివరకే చేసి ఫొటోలు తీసిన పనిని మా మండలంలోనూ చేస్తామంటే మాత్రం దొరుకుతుంది. ఇదంత పట్టించుకోవలసిన సంగతా అని అనిపించవచ్చు. కానీ మన ప్రాంతంలో పేదల బతుకుల్ని కొంతైనా మార్చిన పనులు చాలావరకు మొదట్లో ఫలితం తెలియని పనులే.

ఒక ఉదాహరణను కొంచెం వివరంగా చెబుతాను. 1980ల చివర్లో తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో ఆముదం చేలను ఎర్ర గొంగళిపురుగు ఊడ్చిపెట్టేది. ఒళ్లంతా నూగు ఉండే ఆ పురుగు ఎదిగిన తర్వాత ఎంత మందు కొట్టినా లొంగేది కాదు. సికింద్రాబాద్‌లోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ, దానితో కలిసి పనిచేసే చిన్న చిన్న స్థానిక సంస్థలు, కొందరు వ్యవసాయ శాస్త్రవేత్తలు, రైతులు కలిసి ముందు ఆ పురుగు ఎలా బతుకుతుందో గమనించారు. వేసవి అంతా అది కోశస్థ దశలో (కదలని ప్యూపాగా) నేలలోనే ఉంటుంది కాబట్టి వేసవి దుక్కులు లోతుగా దున్నితే బయటపడి కొంత ఎండకు మాడుతుంది, కొంత పిట్టల పాలవుతుంది. తొలకరి వాన పడగానే రెక్కల పురుగులు ఒక్కసారిగా నేలలోంచి లేచి వెలుగు వైపు వస్తాయి కాబట్టి చేల దగ్గర మంటలు వేస్తే గుడ్లు పెట్టకముందే చాలావరకు అందులో పడి చస్తాయి. తప్పించుకున్న వాటి పిల్లలు చేను నుంచి చేనుకు గుంపులుగా పాకేటప్పుడు గట్ల వెంట కందకం తవ్వి, జిల్లేడు, అడవి ఆముదం వంటి ఆకులు ఎరగా వేస్తే అక్కడే ఆగిపోతాయి. ఇందులో ఖరీదైన సరుకు ఒక్కటీ లేదు. కష్టమల్లా ఒక్క రైతు మంట వేస్తే చాలకపోవడమే. ఊరంతా ఒకే సమయంలో వేయాలి.

ఈ పనికి ఇప్పటి పద్ధతిలో నిధులు అడగాలంటే ఏం రాయాలో ఆలోచించండి. ప్రతిపాదన పత్రంలో మూడు నెలలకొక గడి ఉంటుంది, ఏ గడిలో ఏ పని జరుగుతుందో ముందే నింపాలి. తొలకరి ఏ రోజు పడుతుందో ఎవరు నింపగలరు? లబ్ధిదారుల సంఖ్య అన్న గడిలో ఊరంతా అని రాయాలా, మొదట ఒప్పుకున్న కొద్దిమంది పేర్లు రాయాలా? కొన్న వస్తువుల బిల్లులు జతపరచమంటారు. దుక్కికీ, మంటకూ, జిల్లేడాకుకూ బిల్లు ఎవరిస్తారు? అసలు ఖర్చు అంతా ఊళ్లో తిరిగి, రాత్రిళ్లు కూర్చుని, పదిమందిని ఒప్పించే కార్యకర్త జీతం. ఆ జీతాన్నే నేటి దాతలు పాలనా ఖర్చు అని పేరుపెట్టి మొదట కత్తిరిస్తారు.

అక్కడ నేర్చుకున్నదే తర్వాత పత్తికి పనికొచ్చింది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలం పునుకులలో పత్తి రైతులు పురుగుమందుల అప్పుల్లో కూరుకుపోయిన రోజుల్లో, 1999 ప్రాంతంలో, సెక్యూర్ అనే స్థానిక సంస్థ కొద్దిమంది రైతులతో రసాయన మందులు లేని సస్యరక్షణ మొదలుపెట్టింది. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, పురుగును తమవైపు లాగే ఎర పంటలు, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు అన్నీ ఒకేసారి అందరికీ నచ్చలేదు, అన్నీ ఒకే తీరున పనిచేయలేదు. చూసి నమ్మిన వాళ్లు పెరిగే కొద్దీ ఊరు మారింది. 2004 నాటికి పునుకుల తనను తాను పురుగుమందులు వాడని ఊరుగా ప్రకటించుకుంది. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వపు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సమాఖ్యల ద్వారా ఈ పద్ధతిని లక్షల ఎకరాలకు తీసుకెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయానికి ఉన్న వేళ్లలో ఇదొకటి. ప్రభుత్వాలు తెచ్చిన పథకాల మూలం వెతికితే ఇలాంటి అనామక ఊళ్లు కొన్ని కనిపిస్తాయి.

రంగారెడ్డి జిల్లాలో 1991లో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వెట్టిలో ఉన్న పిల్లల్ని విడిపించి శిబిరాల్లో చదువు చెప్పడం మొదలుపెట్టినప్పుడు, పేదరికం పోనిదే బాలకార్మిక వ్యవస్థ పోదన్నది చదువుకున్న వాళ్ల స్థిరమైన నమ్మకం. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే అన్న నిర్వచనంతో వాళ్లు దానికి ఎదురు నిలిచారు. ఆ శిబిరాల నమూనాయే బ్రిడ్జి కోర్సుల పేరుతో తర్వాత సర్కారు కార్యక్రమాల్లోకి వచ్చింది. సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. జహీరాబాద్ ప్రాంతంలో పేద దళిత మహిళల సంఘాలతో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంగతి మరో తీరు. మాచ్‌నూర్‌లో 1990ల చివర్లోనే రేడియో స్టూడియో సిద్ధమైనా, ప్రసారం మాత్రం 2008 అక్టోబరులో గానీ మొదలుకాలేదు. ఆ మధ్యకాలమంతా ఆ మహిళలు కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్లలో సంఘాలకు వినిపించుకున్నారు. ప్రసారమే లేని రేడియోకు అన్నేళ్లు ఓపిక పట్టే దాత ఇప్పుడు ఎవరైనా ఉంటే ఆ చిరునామా తెలుసుకోవాలని నాకు నిజంగా ఆశగా ఉంది.

ఇక ఇప్పటి పరిస్థితికి వస్తాను. నేను దగ్గర నుంచి చూసిన ఒక కుట్టు శిక్షణ కేంద్రం కథ చెబుతాను. ఏ కంపెనీ, ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. మిషన్లు వచ్చాయి, శిక్షణ మొదలైంది. మూడు నెలలు తిరక్కుండానే ఆ మహిళలకు సంగతి అర్థమైపోయింది. రెడీమేడ్ దుకాణాలు వచ్చాక ఊళ్లో జాకెట్లు, ఫాల్స్ తప్ప కుట్టుపని లేదు, ఉన్న పనికి ఉన్న టైలర్లే ఎక్కువ. బోరు మోటార్లు కాలిపోయినప్పుడు వైండింగ్ కోసం రైతులు పట్నం పరుగెత్తుతున్నారు, మాకు అది నేర్పించండి అని వాళ్లలో కొందరు అడిగారు. ఆడవాళ్లు మోటారు విప్పితే ఊరు ఏమంటుందో, రైతులు పని ఇస్తారో లేదో ఎవరికీ తెలియదు. అందుకే అది చేసి చూడవలసిన పని. సమన్వయకర్త దాతకు రాశాడు. మంజూరు పత్రంలో కుట్టుమిషన్లే ఉన్నాయి కాబట్టి ఈ ఏడాదికి అదే పూర్తి చేయండి, వచ్చే ఏడాది చూద్దాం అని జవాబు వచ్చింది. మార్చి 31 నాటి నివేదికలో శిక్షణ పొందిన వాళ్ల సంఖ్య లక్ష్యంలో నూటికి నూరు శాతం. వినియోగ ధ్రువపత్రంపై ఆడిటరు సంతకం పెట్టాడు. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. ఆ వచ్చే ఏడాదికి కంపెనీ మరో జిల్లాకు వెళ్లిపోయింది.

చట్టమే ఇలా చేయిస్తోందని చాలామంది అంటారు. సగమే నిజం. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు అంతకుముందు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. అయితే ఏ ఏడాది డబ్బు ఆ ఏడాదే ఖర్చైపోవాలని ఆ చట్టం పట్టుబట్టలేదు. కొనసాగే ప్రాజెక్టు అని బోర్డు నిర్ణయిస్తే మిగిలిన మొత్తాన్ని ప్రత్యేక ఖాతాలో వేసి తర్వాత మూడేళ్లలోపు ఖర్చు చేసుకునే వీలుంది. అంటే ఒక పనిని రెండు మూడు పంటకాలాలు చేసి చూడడానికి చట్టంలో చోటుంది. ఆ చోటును వాడుకోకుండా ప్రతి పనినీ మార్చికల్లా ముగించడం కంపెనీల సామాజిక బాధ్యత విభాగాల అలవాటు. ఒక మేనేజరు తన హయాంలోనే రిబ్బను కత్తిరింపు కావాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఫలితాల మదింపు నిబంధన కూడా ఏడాదికి సగటున 10 కోట్ల రూపాయలు, ఆపైన ఖర్చు చేయాల్సిన కంపెనీలకు, అందులోనూ కోటి రూపాయలు, ఆపైన ప్రాజెక్టులకే వర్తిస్తుంది. చిన్న పనిలో ఏం నేర్చుకున్నారని అడిగే నాథుడు లేడు.

విదేశీ విరాళాల విషయంలో మాత్రం చట్టమే దారి మూసింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో తెచ్చిన సవరణతో పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. నిబంధనల ప్రకారం నివేదికలు రాసి దాఖలు చేసే ఖర్చు కూడా ఆ 20 శాతంలోకే వస్తుంది. చేసిన పని ఎందుకు ఫలించలేదో కూర్చుని రాయడం కూడా పాలనా ఖర్చే అన్నమాట. అంతకంటే పెద్ద దెబ్బ, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదన్న నిషేధం. పెద్ద సంస్థ ఒకటి డబ్బు తెచ్చి, లెక్కల బరువు తాను మోసి, ఊళ్లో ఉండే చిన్న సంస్థలకు పని అప్పగించే ఏర్పాటు మీదే ఒకప్పుడు మన పల్లెల్లో ఎన్నో ప్రయోగాలు నిలబడ్డాయి. దేశభద్రత, పారదర్శకత కోసమే సవరణ తెచ్చామని ప్రభుత్వం చెప్పింది. దొంగ సంస్థలు లేవని నేను వాదించను, కాగితం మీదే ఉన్న సంస్థలు మా జిల్లాలోనూ ఉన్నాయి. కానీ పరాయి సొమ్ము తినేవాడికి కొత్త పని చేసి చూడవలసిన అవసరమే ఉండదు. వాడికి కుట్టుమిషన్ల పంపిణీయే సుఖం.

ప్రయోగం అన్న మాట విని మీ పాఠకుల్లో కొందరికి వెంటనే మా ఖమ్మం జిల్లాలోనే జరిగిన మరో సంఘటన గుర్తుకు రావచ్చు. రావాలి కూడా. 2009 జులైలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకాను 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు వేసే ప్రదర్శన కార్యక్రమాన్ని పాత్ అనే అమెరికా లాభాపేక్ష లేని సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఇక్కడ చేపట్టాయి. టీకా వేయించుకున్న వాళ్లలో భద్రాచలం ప్రాంతపు గిరిజన ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలు చాలామంది. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన రేగి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది, ఆ టీకా మేలు చేసేదే అన్నదీ ప్రపంచమంతటా ఒప్పుకున్న విషయం. అయినా తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రాలపై సంతకాలు చేసిన తీరు తప్పే. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

పునుకులలో ఏ కషాయం కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో చేను గల రైతే నిర్ణయించుకున్నాడు. ఆశ్రమ పాఠశాలలో చెయ్యి చాపిన అమ్మాయినీ, ఆమె కన్నవాళ్లనూ ఎవరూ అడగలేదు. కొత్త పని ఎంత మంచిదన్నది వేరే సంగతి. అది తన మీద జరుగుతోందని తెలిసి, వద్దనే వీలు ఉన్న మనిషి ఎదుట లేనప్పుడు ఏ సేవాసంస్థకూ దాన్ని మొదలుపెట్టే హక్కు లేదు. నేను డబ్బు అడుగుతున్నది ఈ షరతుకు లోబడే.

పరీక్షించకముందే విస్తరించడం ఇంకో రకం ప్రమాదం, దాన్నీ మనం అనుభవించాం. సూక్ష్మరుణాలు స్వచ్ఛంద సంస్థల చేతుల్లో చిన్న ప్రయోగంగా పుట్టి, కంపెనీలుగా మారి, లక్షల ఇళ్లకు చేరాయి. హైదరాబాద్‌లో 104 బస్తీలను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం బస్తీల్లో ముందుగా రుణాలిప్పించి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం అధ్యయనం చేస్తే, ఉన్న చిన్న వ్యాపారాల్లో కొంత కదలిక వచ్చిందే తప్ప ఆడవాళ్ల నిర్ణయాధికారంలో, పిల్లల చదువులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఆ సంగతి తెలిసే నాటికే ఊళ్లలో వారం వారం వసూళ్ల ఒత్తిడి పెరిగిపోయింది, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఇదే రాష్ట్రంలో 2005 నుంచి అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రభుత్వం, కార్తీక్ మురళీధరన్ వంటి పరిశోధకులు కలిసి ఐదు జిల్లాల్లోని 500 ప్రభుత్వ బడుల్లో ఉపాధ్యాయుల ప్రోత్సాహకాలు, బడి గ్రాంట్ల వంటి నాలుగు మార్గాలను లాటరీ వేసి మరీ పోల్చి చూశారు. చిన్న సంస్థలకు అంత స్తోమత ఉండదు. కానీ రెండు ఊళ్లలో చేసి, చేయని రెండు ఊళ్లతో పోల్చి, కార్యకర్త డైరీలో నిజాయితీగా రాసుకోవడానికి పరిశోధకులెవరూ రానక్కర్లేదు.

కాబట్టి నేను కోరేది ఇదీ. హైదరాబాద్, విశాఖపట్నం కేంద్రంగా ఉన్న పెద్ద కంపెనీలు తమ సామాజిక బాధ్యత నిధుల్లో కొంత భాగం, మొదట నూటికి ఐదు రూపాయలైనా సరే, ఫలితం ముందే చెప్పనక్కర్లేని పనులకు మూడేళ్ల కొనసాగే ప్రాజెక్టులుగా కేటాయించాలి. అడిగే సంస్థ లక్ష్యాల పట్టిక బదులు ఒకటి రెండు పేజీలు రాస్తే చాలు. మేము వెతుకుతున్న జవాబు ఏ ప్రశ్నకు, ఏం కనిపిస్తే పని ఆపేస్తాం, ఆపేస్తే దాన్ని నమ్ముకున్న వాళ్లకు ఏం చేస్తాం అన్నవి అందులో ఉండాలి. ఈ చివరిదాన్ని నేను అన్నిటికంటే గట్టిగా పట్టుకుంటాను. ప్రయోగం ముగిసిందని సంస్థ సామాను సర్దుకుంటే, ఏడాదిపాటు ఆ సంస్థ పెట్టిన ఆరోగ్య కేంద్రానికి అలవాటుపడి సర్కారు ఆసుపత్రికి వెళ్లడం మానేసిన బాలింత ఎక్కడికి వెళ్లాలి? పంటమార్పిడికి ఒప్పుకుని నష్టపోయిన కౌలు రైతుకు ఆ నష్టంలో వాటా ఎవరిస్తారు? ప్రయోగం ఖర్చులో ఈ మొత్తం మొదటిరోజే విడిగా పెట్టాలి. అది పెట్టలేని పనిని మొదలుపెట్టకపోవడమే మేలు.

దానికి బదులుగా సంస్థలు ఒక బాధ్యత ఒప్పుకోవాలి. ఫలితం ఏదైనా సరే, తెలుగులో, అంకెలతో సహా, ఆ ఊరి గ్రామసభలో చదివి వినిపించాలి. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని దేశంలో అందరికంటే ముందు ఒక వ్యవస్థగా నిలబెట్టిన చోట ఇది కొత్త విద్య కాదు. దస్తావేజులు జనం ముందు చదవడం మన గ్రామాలకు అలవాటే. కెనడాలో ఇంజినీర్స్ వితౌట్ బార్డర్స్ అనే సంస్థ 2008 నుంచి తన వైఫల్యాల నివేదికను బహిరంగంగా ప్రచురించింది, దానివల్ల మూతపడలేదు. మన దగ్గర స్టార్టప్ మూతపడితే అనుభవం అని సర్దిచెప్పుకుంటాం, సేవాసంస్థ పని ఆపితే నిధులు ఏమయ్యాయని గుసగుసలాడతాం. ఈ గుసగుసల భయానికే సంస్థలు చచ్చిన పనిని కూడా నివేదికల్లో బతికిస్తున్నాయి.

ఇక్కడ మీ పత్రిక చేయగల పని ఒకటుంది. ప్రారంభోత్సవం వార్త వేసిన పనిని రెండేళ్ల తర్వాత మీ విలేకరి మళ్లీ వెళ్లి చూసి, ఆగిపోయి ఉంటే ఎందుకు ఆగిందో ఊరివాళ్ల మాట, సంస్థ మాట రెండూ కలిపి, నేరారోపణ స్వరం లేకుండా రాయగలిగితే, జిల్లా పేజీలో నెలకు పావు పేజీ సరిపోతుంది. డబ్బు పక్కదారి పట్టిన చోట అలాగే రాయండి, ఎవరూ అడ్డు చెప్పరు. మొదటి కొన్ని కథనాలకు కావలసిన ఊళ్ల వివరాలు, పాత నివేదికలు అందించడానికి ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతాల్లో నాలాగే ఈ పనిలో ఉండి విరమించుకున్న వాళ్లు కొందరు సిద్ధంగా ఉన్నారు. తమంతట తాము ముందుకు వచ్చి చెప్పుకునే సంస్థ పేరు వేయాలా వద్దా అన్న నిర్ణయాన్ని మాత్రం, మొదటి ఏడాది వరకైనా, ఆ సంస్థకే వదిలిపెట్టవలసిందిగా మనవి.

ఇట్లు,
స్వచ్ఛంద సంస్థల విశ్రాంత ఉద్యోగి,
ఖమ్మం